చూసిండు, ఊకున్నడు

"అవాయిడ్ చేస్తుండు మేడం."

ఈ మాట చెవిన పడని విద్యా సంవత్సరం ఈ మధ్య కాలంలో నాకు లేదు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం నన్ను మానుకోట తిప్పి, భూపాలపల్లి తిప్పి, చివరికి జనగామలో దించింది. మూడు చోట్లా సిలబస్ మారింది, ప్రిన్సిపాళ్లు మారారు, ఈ ఫిర్యాదు మాత్రం అట్లాగే ఉంది. మగపిల్లలు కూడా "అవాయిడ్ చేస్తుందిరా" అంటారు. అయితే నాతో కాదు, స్టాఫ్ రూం కిటికీ కింద నిలబడి, లోపలికి వినపడదనుకుని. ఆడపిల్లలు నేరుగా లోపలికే వస్తారు. ప్రబంధాలు చెప్పే మనిషికి ప్రేమ సంగతులు తెలియకపోతాయా అని వాళ్ల ధీమా. పంతులు ముందు జాతకం పరిచినట్టు ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెడతారు.

"ఇగో చూడండి మేడం, సంక్రాంతికి ఎట్ల మాట్లాడిండు, ఇప్పుడు ఎట్ల మాట్లాడుతుండు."

చూస్తాను. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవకూడదని పెరిగినదాన్నే. కానీ తెచ్చి చేతిలో పెట్టాక మొహం తిప్పుకుంటే ఆ పిల్ల చిన్నబోతుంది. సంక్రాంతి నాటికి పేరాలు పేరాలు ఉన్నాయి. ఏం కూర, ఎవరు వండారు, కారం ఎక్కువైందా. శివరాత్రికి పేరా పోయి వాక్యం మిగిలింది. ఉగాదికి వాక్యం పోయి మాట మిగిలింది. ఎండాకాలం సెలవులు దాటేసరికి ఇటు నుంచి ఆరు వరుసలు పోతే అటు నుంచి "హ్మ్" ఒక్కటి వస్తోంది. దాన్ని చదవడానికి తెలుగు ఎంఏ అక్కర్లేదు, ఆ పిల్లకూ తెలుసు. ఆమె నా దగ్గరికి వచ్చింది అర్థం కోసం కాదు, వాయిదా కోసం. "ఏదో పనిలో ఉన్నాడేమోలే" అని పెద్దమనిషి నోట వింటే ఇంకో వారం గడుస్తుంది.

వాళ్ల దగ్గర లెక్కలు కూడా ఉంటాయి. రాత్రి పదకొండు నలభైకి నేను పెట్టిన, పదకొండు నలభై రెండుకు లాస్ట్ సీన్ ఉంది, పొద్దుగాల తొమ్మిదింటికి "బిజీ" అన్నడు. లెక్కల పేపరు రెండుసార్లు రాసిన పిల్ల కూడా ఈ కూడికలు తీసివేతలు తప్పకుండా చేస్తుంది.

నాకు అనుమానం ఈ లెక్క మీదే.

మెసేజ్‌ను లెక్కపెట్టే అలవాటు మనకు ఊరికే రాలేదు. మొదట్లో అది నిజంగానే లెక్కగా వాడుకోవలసిన వస్తువు. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో మొట్టమొదటి ఎస్ఎంఎస్ పోయినప్పుడు అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్ష ఒక్కటే. ఒక్కో సందేశానికి 160 అక్షరాల హద్దు. తెలుగు లిపిలో రాస్తే ఆ హద్దు 70కి పడిపోయేది. పైగా చాలా ఫోన్లలో మన అక్షరాలు ఉత్త డబ్బాలుగా కనపడేవి. అందుకే ఆ తరం ప్రేమలన్నీ ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో పుట్టి, అందులోనే పోయాయి. నేను మానుకోటలో ఉన్న రోజుల్లో పిల్లలు చాయ్ మానుకుని ఎస్ఎంఎస్ ప్యాక్ వేయించుకునేవారు. పండుగ నాడు, కొత్త సంవత్సరం నాడు ఆ ప్యాక్ చెల్లదు. సరిగ్గా మాట్లాడాలనిపించే రోజే మెసేజ్‌కు ఇంతని కంపెనీ కోసుకునేది. 2011 సెప్టెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ప్రకటనల మెసేజ్‌ల బెడద ఆపడానికని, ఒక సిమ్ నుంచి రోజుకు 100కు మించి పోకూడదని హద్దు పెట్టింది. నవంబర్‌లో దాన్ని 200 చేసింది. ఆ నడుమ మా కాలేజీ వరండాల్లో ఎంత విరహం పారిందో ఢిల్లీలో కూర్చున్న ట్రాయ్‌కు తెలియదు. వందలో తొంభై తనకే ఖర్చు పెట్టాడంటే అది ప్రేమ కాక ఏంటని ఒక పిల్ల నాతో వాదించింది. కాదనలేకపోయాను. పైసలు పెట్టి, మిగిలిందెంతో చూసుకుని పంపిన మాటకు ఒక బరువు ఉంటుంది.

ఆ బరువు 2016లో పోయింది. సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటాను ఊరికే పంచింది. అక్టోబర్ 11న, దసరా నాడు, జనగామ, మహబూబాబాద్ అనే మానుకోట, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ పేరైతే మొదటి జాబితాలో లేనే లేదు, కొట్లాడి తెచ్చుకున్నారు. కలెక్టరేట్లు వచ్చాయి, వాటి వెనక కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చల్లటి గాలి కొట్టే బేకరీలు వచ్చాయి. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఊరూ కొత్తే, చేతిలో అడ్డూ అదుపూ లేని నెట్టూ కొత్తే. అంతకు రెండేళ్ల ముందే, 2014 నవంబర్‌లో, వాట్సాప్ నీలి టిక్కులు పెట్టింది. అప్పటిదాకా "చూడలేదేమో" అనుకునే వీలుండేది. మనిషికి ఆ మాత్రం వీలు అవసరం, అది పోయింది. టిక్కులు కనపడకుండా దాచుకునే ఏర్పాటు తర్వాత ఇచ్చారు గానీ, దాచుకోవడం కూడా ఒక జవాబై కూర్చుంది. "టిక్కులు ఆఫ్ చేసిండు మేడం, ఏం దాస్తుండో" అని ఇంకో పిల్ల ఏడుపు.

పట్నంలో కూర్చుని సలహాలు చెప్పేవాళ్లు జవాబు ఆలస్యమైతే ఇష్టం తగ్గినట్టే అని తేల్చేస్తారు. వాళ్లు ఒక నెల భూపాలపల్లిలో ఉండి చూడాలి. బొగ్గుబాయి దిగేవాడు ఫోన్ పైనే పెట్టి దిగాలి. మీథేన్ ఉండే చోటికి నిప్పు రవ్వ పుట్టించే అవకాశమున్న ఏ వస్తువూ పోకూడదు. మస్టరు పడ్డప్పటి నుంచి షిఫ్టు దిగేదాకా ఎనిమిది గంటలు ఆ మనిషి భూమి మీద లేనట్టే లెక్క. నైట్ షిఫ్టు అయితే ఇంటికొచ్చి స్నానం చేసి పండుకుంటాడు, లేచేసరికి పొద్దు తిరిగిపోతుంది. చెల్పూరు థర్మల్ ప్లాంటులో పనిచేసేవాళ్లదీ షిఫ్టుల బతుకే. అక్కడి ఆడవాళ్లకు ఈ సంగతి తాతల నాటి నుంచి తెలుసు. మౌనాన్ని గడియారంతో కాదు, షిఫ్టుతో కొలుస్తారు. బయటి నుంచి వచ్చిన పిల్లే పొద్దంతా బూడిద రంగు టిక్కులు చూసుకుంటూ అన్నం మానేస్తుంది.

మానుకోట వైపు ఇంకో రకం. మిర్చి ఏరే కాలంలో అమ్మాయిలు సెలవు పెట్టి చేన్లకు పోతారు, సొంత చేనో కూలి చేనో. సాయంత్రానికి వేళ్లు భగభగ మండుతాయి. ఆ చేతుల్తో కళ్లు తుడుచుకోవడానికే భయం, ఇక స్క్రీన్ రాసుకుంటూ ఎవరు కూర్చుంటారు? కొత్తగూడ, గంగారం వైపు అడవి పల్లెల్లో ఇల్లొక చోట, సిగ్నల్ ఒక చోట. అన్నిటికంటే పెద్ద కారణం ఇంట్లోనే ఉంది. ఈ ఊళ్లలో ఆడపిల్ల చేతిలో ఉన్న ఫోన్ ఆమెదని ఎవరన్నారు? తాళం తీసే గీత తమ్ముడికి తెలుసు, బిల్లు నాయిన కడతాడు, రాత్రి చార్జింగ్ అమ్మ మంచం పక్కన. అబ్బాయి నంబర్ మీద ఏ రాణి పేరో లావణ్య పేరో ఉంటుంది. మెసేజ్ చదివి వెంటనే తుడిచేయాలి, జవాబు స్నానాల గదిలో నుంచి పంపాలి. అటువంటి పిల్ల మూడు గంటలు పలకలేదంటే ఇష్టం పోయిందని కాదు, మేనత్త వచ్చి హాల్లో కూర్చుందని. జనగామలో రోజూ సికింద్రాబాద్‌కు రైల్లో పోయి వచ్చే ఉద్యోగుల సంగతి చెప్పనవసరం లేదు. పోయేటప్పుడు సీటు దొరికితే ప్రేమిస్తారు, వచ్చేటప్పుడు నిద్రపోతారు.

కాబట్టి గంటలు, టిక్కులు, లాస్ట్ సీన్‌లు పక్కన పెట్టమంటాను. మెసేజ్‌ల సంఖ్యను కూడా. దేన్ని చూడాలో నాకు రెండు ఫోన్లు నేర్పాయి. ఆ పిల్లల ఆనవాళ్లు మార్చి చెబుతాను.

మొదటిది మా అక్క బిడ్డది. భూపాలపల్లిలో సింగరేణి అబ్బాయితో వరపూజ అయింది, లగ్గానికి ఇంకా నెలలున్నాయి. మా వైపు ప్రేమ మెసేజ్‌లకు పెద్దలు కళ్లు మూసుకుని అనుమతించే కాలం అదొక్కటే, ఆ కాలంలో పిల్లలు గోడవార చేరి నవ్వుకుంటుంటే ఇల్లంతా విననట్టు తిరుగుతుంది. మా పిల్ల మాత్రం మొహం వేలాడేసుకుంది. "రోజుకు రెండే మెసేజ్‌లు చిన్నమ్మా. మొదట్ల ముప్పై పెట్టేటోడు." ఫోన్ తీసుకుని చదివాను. రెండే ఉన్నాయి, నిజమే. "మీ నాయిన షుగర్ పరీక్ష చేపించుకున్నడా?" ఒకటి. "పన్ను నొస్తుందన్నవ్, తగ్గిందా, ఎటు వైపు?" ఇంకొకటి. మరుసటి రోజు: "ఎగ్జామ్ సెంటర్ యాడ పడ్డది?" ఇంత అలసిపోయిన మనిషి ఎటు వైపు పన్నో అడుగుతున్నాడు. నీకు పిచ్చా అని ఫోన్ తిరిగిచ్చేశాను.

రెండోది మా స్టూడెంట్‌ది. అబ్బాయి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆమెకు వచ్చే మెసేజ్‌లు రోజుకు పది పన్నెండు. ఫిర్యాదు కూడా లేదు, ఏదో తేడాగా ఉంది మేడం అంటుందంతే. చదివాను. పొద్దున గులాబీ పువ్వు మీద గుడ్ మార్నింగ్. మధ్యాహ్నం ఒక రీల్. సాయంత్రం సముద్రం మీద సూర్యాస్తమయం, దాని కింద నిజమైన ప్రేమకు మాటలు అవసరం లేదని ఎవరో రాసిన సూక్తి. రాత్రి చందమామ. నడుమ ఎర్ర గుండెలు, పసుపు గుండెలు. వారం కిందట ఆమె, తన నాయనమ్మకు కంటి ఆపరేషన్ అయిందని, కట్టు విప్పితే ఏమవుతుందో అని భయంగా ఉందని నాలుగు వరుసలు రాసింది. దానికి దండం పెట్టే స్టిక్కర్ వచ్చింది. ఆ తర్వాత రీల్. కట్టు విప్పారా, ముసలామెకు చూపు వచ్చిందా, ఆ ప్రశ్న ఆ ఫోన్‌లో ఎంత వెనక్కి జరిపినా, ఎంత ముందుకు జరిపినా లేదు.

తగ్గేది ముందుగా మాట కాదు, కుతూహలం. ఇష్టం ఉన్న మనిషి నిన్న విన్నదాన్ని ఇవాళ అడుగుతాడు. ఆ తోక పట్టుకుని వచ్చే ప్రశ్న ఆగిపోయిందంటే, గుండెలు ఎన్ని రంగుల్లో వచ్చినా, లోపల దుకాణం సర్దేస్తున్నారు. "తిన్నవా"ను ఇందులో కలపొద్దు, మనవాళ్లు అప్పులోణ్ని కూడా తిన్నవా అనే అడుగుతారు. ఈ సిద్ధాంతాన్ని ఇంట్లో చెబితే మా ఆయన, "నేను రోజూ ప్రశ్నలే కదా పెడుత" అని తన ఫోన్ చూపించాడు. తాళం యాడ పెట్టినవ్? పాలు తేవాల్నా? గ్యాస్ బుక్ చేసినవా? సిద్ధాంతానికి మినహాయింపులు ఉంటాయని ఒప్పుకున్నాను.

జనగామలో ఉండి సందేశాల గురించి మాట్లాడుతూ బమ్మెర పేరు ఎత్తకపోతే పాపం. పాలకుర్తి మండలంలో ఉంది. పోతన మావాడేనని మేమంటాం, ఒంటిమిట్ట వాళ్లు ఒప్పుకోరు, ఆ తగవు ఇక్కడ వద్దు. ఆయన భాగవతం దశమ స్కంధంలో రెండు సందేశాలున్నాయి. ఒకటి పోయినది, ఒకటి వచ్చినది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఆడపిల్లలు నా టేబుల్ మీద పరిచే ఫోన్లన్నీ అందులో కనపడతాయి.

రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మడి చేతికిచ్చి పంపిన సందేశం చూడండి. శిశుపాలుడితో పెండ్లి కుదిరింది, ముహూర్తం దగ్గర పడింది. ఆమె తన ఇష్టం చెప్పింది, ఎప్పుడు రావాలో చెప్పింది. అంతఃపురంలో ఉన్నదాన్ని బంధువులను చంపకుండా ఎట్లా తీసుకుపోవాలి అని నీకు అనుమానం రావచ్చు అంటూ తానే దారి చెప్పింది: పెండ్లికి ముందు రోజు మా ఆచారం ప్రకారం ఊరి బయట గౌరి గుడికి వస్తాను, అక్కడికి రా. రాకపోతే తానేం చేసుకుంటుందో అదీ దాచలేదు. ఇష్టం, తేదీ, చోటు, అవతలివాడి అడ్డంకికి విరుగుడు, అన్నీ ఒక్క సందేశంలో. పంపాక కూర్చుని కంగారు పడింది. బ్రాహ్మడు చేరాడో లేదో, దారిలో అలసి ఆగాడో, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడో, నా తలరాత ఎట్లా ఉందో. పోతన ఆ వరుస రాసిన తీరు చదివితే, ఐదొందల ఏళ్లకు ముందే ఈయనకు సింగిల్ టిక్కు తెలుసా అనిపిస్తుంది. కానీ గమనించండి, అంత ఆరాటంలోనూ ఆమె రెండో మనిషిని పంపలేదు. "హలో, ఉన్నావా?" అని మళ్లీ మళ్లీ తట్టలేదు. తిరిగొచ్చిన బ్రాహ్మడి మొహంలో వెలుగు చూసి, అతను నోరు తెరవకముందే సంగతి గ్రహించింది.

ఇక రెండోది. మధురకు పోయిన కృష్ణుడు మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. కొన్నాళ్లకు ఉద్ధవుణ్ని పంపాడు. ఉద్ధవుడు మహా జ్ఞాని, మర్యాదస్తుడు. ఆయన తెచ్చిన సందేశం సారాంశం: నేను అన్నిటిలో ఉన్నవాణ్ని, మీలోనూ ఉన్నాను, మనకు ఎడబాటు లేనే లేదు. భక్తులు నన్ను మన్నించాలి, ఆ మాటకు ఎంత లోతైన అర్థముందో క్లాసులో గంట చెబుతాను. కానీ రేపల్లెలో చల్ల చిలుకుతూ ఎదురుచూసిన పిల్లకు అది సూర్యాస్తమయం బొమ్మ మీద సూక్తే. మధుర నుంచి బృందావనం పది పదిహేను కిలోమీటర్లు. రుక్మిణి పిలిస్తే అదే కృష్ణుడు ద్వారక నుంచి విదర్భకు, దేశం ఆ కొస నుంచి, ఒక్క రాత్రిలో రథం తోలించుకుని వచ్చాడు. దూరం ఎప్పుడూ కారణం కాదు. గోపికలకు అది అర్థమైంది. వాళ్లు ఉద్ధవుణ్ని తిట్టలేదు. ఒకామె అటుగా వచ్చిన తుమ్మెదను పట్టుకుని, పట్నం ఆడవాళ్ల గుర్తులు ఒంటికి పూసుకుని మా దగ్గరికి రాయబారం వచ్చావా అని దులిపింది. మీ వాడి సంగతి మాకు తెలుసులే అంది. అయినా అతని కబుర్లు మానుకోలేకపోతున్నామని కూడా అంది. ఆ చివరి మాట వల్లే ఆ ఘట్టం నాకు ఇష్టం. ఇష్టం తగ్గినవాణ్ని గుర్తుపట్టడం వేరు, మన ఇష్టం తగ్గడం వేరు. రెండూ ఒకే రోజు జరగవు.

ఇంతవరకు అమ్మాయిల ఫోన్లే చూశాం. అబ్బాయిల ఫోన్లలో వచ్చే "హ్మ్" సంగతి వేరు, దాన్ని ఒకే గాటన కట్టకూడదు.

అబ్బాయి మెల్లగా జారుకుంటున్నాడంటే ఎక్కువసార్లు అది పిరికితనం. ఇంట్లో సంబంధం చూస్తున్నారు, కులం దగ్గరో కట్నం దగ్గరో మాట ఆగింది, లేదా మనసే మారింది. చెప్పడానికి నోరు రాదు. ఆమే విసిగి తిట్టి పోతే తప్పు తన మీద ఉండదని చూస్తాడు. అమ్మాయి మెల్లగా జారుకుంటోందంటే మాత్రం దాని వెనక చాలాసార్లు భయం ఉంటుంది. వద్దు అని మొహం మీద చెబితే ఏమవుతుందో ఈ ప్రాంతం ఆడపిల్లలకు తెలియనిది కాదు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో కాలేజీ నుంచి ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ప్రేమను కాదందన్న కక్ష. ఒకరు బతకలేదు. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ గడప తొక్కుతున్నారు, కానీ ఆ భయం తల్లుల నుంచి బిడ్డలకు చెప్పకుండానే అందింది. అందుకే జవాబును పేరా నుంచి వాక్యానికి, వాక్యం నుంచి "హ్మ్"కు కుదిస్తూ పోతారు. అది దొంగాట కాదు, కోపం రాకుండా తలుపు మూసే పద్ధతి.

వద్దన్న కొద్దీ వెంటపడితే చివరి రీల్లో ఒప్పుకుంటుందని మన సినిమాలు మూడు తరాల మగపిల్లలకు నేర్పాయి. చట్టం ఆలస్యంగానైనా వేరే పాఠం చెప్పింది. 2013లో శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ చేర్చారు. స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదే పదే వెంటపడటం, సంప్రదించాలని చూడటం, ఫోన్‌లో, నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కాపలా కాయడం నేరం. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైన పోలీసు షీ టీమ్‌లు మరుసటి ఏడు జిల్లాలకూ వచ్చాయి. అయితే చట్టం "స్పష్టంగా" అంటుంది, భయపడ్డ పిల్ల స్పష్టంగా చెప్పదు. ఆ సందును మగపిల్లలే పూడ్చాలి. కిటికీ కింద నిలబడేవాళ్లకు ఒకసారి లోపలి నుంచే చెప్పాను: "బాబూ, ఆ అమ్మాయి రెండు వారాలుగా నిన్ను ఒక్క ప్రశ్న అడగలేదంటే అదే జవాబు. దాన్ని నోటితో చెప్పించాలని చూడకండి." కాసేపు నిశ్శబ్దం. తర్వాత చెప్పుల చప్పుడు. ఆ తర్వాత వాళ్లు చర్చలను సైకిల్ స్టాండు దగ్గరికి మార్చారు.

మరి తెలిశాక ఏం చేయాలి? మా పిల్లలు చేసేవన్నీ నేను చూశాను. డీపీ తీసేస్తారు. మోసం గురించి పాట ముక్క స్టేటస్ పెట్టి అతను చూశాడా లేదా అని చూసినవాళ్ల జాబితా పదిసార్లు తెరుస్తారు. స్నేహితురాలి చేత కదిలిస్తారు. ఇవన్నీ కొంత నవ్వు తెప్పించేవే, వయసు అది. నాకు నచ్చనిది ఒక్కటే, పరీక్ష పెట్టడం. "నేనూ రెండ్రోజులు మెసేజ్ పెట్టను మేడం, పెడతడా లేదా చూస్త." ఆ రెండ్రోజులూ పరీక్ష రాసేది అతను కాదు, ఈ పిల్ల. అతను ఆ రెండు రోజులు హాయిగా ఉంటాడు. పెడితే ఈ పిల్ల గెలిచినట్టు కాదు, పెట్టకపోతే ఏం తెలిసినట్టూ కాదు. ఇంకొందరు ఏమీ జరగనట్టు తామే రెట్టింపు మాట్లాడతారు. ఆ సంభాషణలు చదవడం నాకు చాలా కష్టం. ఒక వైపు మొత్తం ఆకుపచ్చగా, రెండో వైపు అక్కడక్కడ తెల్లగా.

ఒక్కోసారి ఎవరి తప్పూ ఉండదు, అదీ చెప్పాలి. మానుకోటలో ఒక జంట ఉండేది. కోర్టు ఉద్యోగాల పరీక్షకు ఒకరు, నర్సింగ్‌కు ఒకరు పోయారు. ఇద్దరి మెసేజ్‌లూ ఒకే వేగంతో తగ్గి, ఒక రోజు ఇద్దరూ మరిచిపోయారు. ఇప్పటికీ పుట్టినరోజులకు శుభాకాంక్షలు చెప్పుకుంటారట. అంత అదృష్టం అందరికీ పట్టదు.

గులాబీ పువ్వుల పిల్ల విషయానికొస్తే, ఆమె ఒక మెసేజ్ రాసి తెచ్చింది. పెద్ద రాత. మొదట తన ప్రేమ, తర్వాత అతని మాటలు తేదీలతో సహా, ఆ తర్వాత తన కన్నీళ్లు, చివర్లో నీ ఇష్టం అని. ముప్పై ఏళ్లుగా జవాబు పత్రాలు దిద్దే చెయ్యి ఊరుకోదు. కొట్టేస్తూ పోతే నాలుగు వాక్యాలు మిగిలాయి. "పాతవన్నీ చెబితే అతను పాతవాటికి జవాబు చెప్పుకుంటాడు. ఏది తెలియాలో అదొక్కటే అడుగు. తేదీ పెట్టు, చోటు పెట్టు" అన్నాను. నా వాక్యాలు చదివి నవ్వింది. "ఇట్ల రాస్తే మీరు పంపినరని ఎరుక పడతది మేడం." అక్కడే కూర్చుని, తనకు అలవాటైన ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో మళ్లీ కొట్టింది.

"ఆదివారం వరంగల్ పోతున్న. పదకొండింటికి భద్రకాళి గుడి దగ్గర ఉంట. మన సంగతి మాట్లాడాలె. ఇష్టం తగ్గితే తగ్గిందని చెప్పు, నేను ఏం అనను. వస్తవో రావో శనివారం రాత్రి లోపల చెప్పు."

"గుడి ఎందుకు పెట్టినవ్?" అన్నాను.

"రుక్మిణి కూడా గుడే కద మేడం పెట్టింది. మీరే చెప్పిన్రు."

పాఠం విన్నారని తెలిసే సందర్భాలు మాకు చాలా తక్కువ వస్తాయి.

అది బుధవారం. గురువారం పొద్దున గులాబీ పువ్వు మామూలుగానే వచ్చింది. మెసేజ్ మీద నీలి టిక్కులు పడి ఉన్నాయి, దాని ఊసు లేదు. శుక్రవారం చందమామ. ఆమె మళ్లీ అడగలేదు. అది మాత్రం గట్టిగా చెప్పాను, రెండోసారి అడిగితే తేదీకి విలువ పోతుందని. శనివారం రాత్రి పదకొండు దాటాక జవాబొచ్చింది: "చూస్త."

సోమవారం స్టాఫ్ రూంలోకి వచ్చి చెప్పింది. "చూస్త అంటే రాడని ఎరుకే మేడం. అయినా పోయిన. బస్ పాస్ ఉన్నది కద." నాయనమ్మను వెంట తీసుకుపోయిందట. కట్టు విప్పారు, చూపు మంచిగానే వచ్చింది, భద్రకాళమ్మకు ముసలామె మొక్కు ఒకటి బాకీ ఉంది. కొబ్బరికాయ కొట్టి, చెరువు గట్టు మీద పులిహోర తిని, మధ్యాహ్నం బస్సుకు వచ్చేశారు. అతను రాలేదు. ఆ రాత్రి నంబర్ తీసేసింది.

"ఏడ్చినవా?"

"ఏడ్చిన. బస్సుల నాయనమ్మ పండుకున్నంక." కాసేపు నా టేబుల్ మీద కాగితాలు సర్దింది, సర్దాల్సినవి ఏమీ లేకపోయినా. తర్వాత బ్యాగులోంచి ఎడ్‌సెట్ దరఖాస్తు తీసింది. "మేడం, బీఎడ్‌ల తెలుగు మెథడాలజీ తీసుకుంటే పోస్టులు పడ్తయా?"

అతని "చూస్త"కు అర్థం చెప్పడం సులువే. ఈ ప్రశ్నకు మాత్రం నేను కూడా "చూద్దాంలే" అనవలసి వచ్చింది.